పదమూడేండ్ల దుమ్ము

పొద్దున ఎనిమిదింటికి పుష్పలత షట్టర్ ఎత్తుతది. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, జిరాక్స్ మిషన్ మీది గుడ్డ తీసి, కంప్యూటర్ బటన్ నొక్కి చాయ్ పెట్టుకోను లోపలికి పోతది. చాయ్ మరిగి, తాగి, గ్లాసు కడిగి వచ్చేసరికి కూడ ఆ కంప్యూటర్ ఇంకా లేస్తనే ఉంటది. "లేచినవా తల్లీ?" అని అడుగుతది పుష్పలత. బూర్గంపాడు సెంటర్ల ఆ దుకాణం పెట్టి పదమూడేండ్లు. ఆమెకు నలభై ఆరు. అమ్మ పోయినంక ఇంట్ల పలకరించే దిక్కు లేదు. పొద్దుగాల మొదటి మాట, షట్టర్ దించేటప్పుడు ఆఖరి మాట, రెండూ ఆ కంప్యూటర్‌తోనే.

అందుల వింతేం లేదు. ఒంటిగ ఉన్నోళ్లు పొయ్యితో మాట్లాడతరు, గోడతో మాట్లాడతరు. కాకపోతే కంప్యూటర్ సంగతి వేరే. మనిషితో అన్న మాట ఆ మనిషి చెవిలకు పోతది. ఎవరూ లేనప్పుడు కంప్యూటర్ ముందర అన్న మాట ఫ్యాన్ గాలికి లోపలికి పోయి దుమ్ముల పేరుకుంటది. ఆ దుమ్ము లేపితే మళ్లా అదే గొంతుతో వినపడతది. ఆ చుట్టుపక్కల ఇది చిన్నపిల్లకు కూడ తెలుసు. అందుకే మెకానిక్‌లు బ్లోయర్ పెట్టి ఊదే ముందు చెవుల్ల దూది పెట్టుకుంటరు. అది వాళ్ల ధర్మం. ఓసారి ఒక కొత్త మెకానిక్ దూది మరిచిపోయి ఏదో ఆఫీసు కంప్యూటర్ ఊదిండు. "ఇంకా ఐదు కాలేదేంది దేవుడా, ఇంకా ఐదు కాలేదేంది" అని క్లర్క్ గొంతు అరగంట సేపు వినపడ్డదట. పాపం, ఆ క్లర్క్ అక్కడే కూసోని ఫైళ్లు తిప్పుకుంట ఉన్నడు.

ఈ ఎండాకాలం పుష్పలత కంప్యూటర్ మొండికేసింది. గురుకులం సీట్ల దరఖాస్తులు పెట్టాలె. సైటు తెరుచుకోవడానికే పావుగంట, ఫొటో ఎక్కిద్దామంటే బిగుసుకపోతది. సొరుగుల ముప్పై ఒక్క పిల్లల కాయితాలు ఉన్నయ్. ఆఖరు తారీఖు శుక్రవారం. అడవి లోపలి గూడెం నుంచి బొజ్జయ్య మనవరాలి కాయితాలతో పాటు ఆకు దొప్పల తునికి పండ్లు కూడ తెచ్చి బల్ల మీద పెట్టిండు.

"నాకు సదువు రాదమ్మా. నీ మీదనే పెట్టుకున్న" అన్నడు.

ఆ మాట విన్నంక పుష్పలత ఆ పండ్లు ముట్టలే. ఎందుకో చెప్త.

దుకాణం పెట్టినప్పుడు ఆమె ఒక్కతే కాదు, వీరబాబు కూడ ఉండె. ఆ కంప్యూటర్‌కు ప్రాసెసర్ ఏది, బోర్డు ఏది అని ఖమ్మంల మూడు దుకాణాలు తిరిగి ఎంచి, స్క్రూ స్క్రూ తన చేత్తో బిగించింది ఆయనే. వాళ్లిద్దరి మధ్య ఏముందని ఊరోళ్లు ఆరా తీసేటోళ్లు. ఏముంది, ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు ఉండె. మిగిలింది ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలే. పదకొండేండ్ల కింద లిఖిత అనే పిల్ల పరీక్ష ఫారంల పుట్టిన తేదీ తప్పు పడ్డది. హాల్‌టికెట్ రాలే. పిల్ల తండ్రి వచ్చి వాకిట్ల అరుస్తుంటే పుష్పలత నలుగురు వినంగ వీరబాబు దిక్కు తిరిగింది. "చూసుకొని టైపు కొట్టరాదూ? నీ వల్ల ఒక పిల్ల ఏడాది పోయింది" అన్నది. వీరబాబు స్క్రూడ్రైవర్ జేబుల పెట్టుకొని పోయిండు. భద్రాచలంల రిపేరు దుకాణం పెట్టుకున్నడు.

మూడు రోజులకు పుష్పలత ఆ ఫారం మళ్లా తీసి, అది పెట్టిన తారీఖు చూసింది. అది కొట్టిన నాడు వీరబాబు ఊర్లనే లేడు, ఖమ్మం పోయిండు. కొట్టింది తనే.

పోయి చెప్పాలె అనుకున్నది. రేపు పోత అనుకున్నది. దసరా కానియ్ అనుకున్నది. ఏడాది తిరిగినంక ఇగ ఏం మొఖం పెట్టుకొని పోతది? భద్రాచలం ఏమన్న కాశీనా! సారపాక మీదుగ బ్రిడ్జి దాటితే ఆటోల అరగంట. ఆ అరగంట పదకొండేండ్లు అయింది. వీరబాబు కూడ ఒంటిగనే ఉంటున్నడని ఆటోవాళ్లు చెప్పేటోళ్లు. పుష్పలత విని కంప్యూటర్‌కు చెప్పుకునేది.

సోమవారం సారపాక నుంచి మెకానిక్ శ్రావణి వచ్చి డబ్బా ఇప్పి చూసింది.

"అక్కా, ఈ ప్రాసెసర్ సెకండ్ జనరేషన్‌ది, మస్తు పాతది. ఈ బోర్డుల మహా అంటే థర్డ్ జనరేషన్ ఐ-ఫైవ్ పడతది, అది కూడ ఎవరో వాడిపారేసింది. కొంచెం ఉరుకుతది గానీ కొత్త విండోస్ సరిగ నడవదు."

"బోర్డు ఇదే ఉంచి, కొత్త ప్రాసెసర్ వెయ్యరాదూ?"

"సాకెట్ కలవదక్కా. ప్రాసెసర్ మారితే బోర్డు మారాలె, బోర్డు మారితే ర్యామ్ కూడ మారాలె. పాతదాంట్ల మిగిలేది డబ్బా, హార్డ్‌డిస్క్." శ్రావణి చీటీ మీద రాసిచ్చింది: పన్నెండో జనరేషన్ ఐ-త్రీ, దానికి తగ్గ హెచ్ 610 బోర్డు, ఎనిమిది జీబీ ర్యామ్. "అనుమానం వస్తే ఫోన్ చెయ్యక్కా" అన్నది.

మంగళవారం పుష్పలత ఖమ్మం బస్సెక్కింది. వైరా రోడ్డుల దుకాణం. కౌంటర్ల ఆయన బోర్డు, ర్యామ్ తీసిచ్చి, రెండు ప్రాసెసర్ డబ్బాలు ముందర పెట్టిండు. రెండూ ఐ-త్రీయే. ఒకదాని నంబరు చివర ఎఫ్ అని ఉన్నది, దాని ధర కొంచెం అగ్గువ.

"గ్రాఫిక్స్ కార్డు ఉందా మేడం?" అని అడిగిండు.

అదేందో ఆమెకు తెల్వదు. పదమూడేండ్లు కంప్యూటర్ దుకాణం నడిపి తెల్వదు అంటే నవ్వుతరని, "ఆఁ, ఉంది" అన్నది. ఎఫ్ ఉన్నదే తీసుకున్నది. శ్రావణికి ఫోన్ కూడ చెయ్యలే. తెల్వదు అనే మాట ఆ నోటికి ఎన్నడూ రాదు.

బుధవారం శ్రావణి పాత బోర్డు ఇప్పింది. ప్రాసెసర్ మీద దుమ్ము బొంత లెక్క పరుచుకొని ఉన్నది. శ్రావణి బ్లోయర్ తీసి, జేబులకెళ్లి దూది తీసి ఆగిపోయింది.

"ఇన్ని మాటలా అక్కా!" అన్నది మెల్లగ.

పుష్పలతకు ఏడుపొచ్చింది. "ఊదకు. కవర్ల ఎయ్యి" అన్నది. శ్రావణి బ్రష్షుతో అంతా ఊడ్చి కవర్ల పోసి మూతి కట్టింది. క్యాలెండర్ మేకుకు తగిలిస్తే లోపల గుసగుస.

కొత్త బోర్డు బిగించిన్రు. బటన్ నొక్కిన్రు. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్. శ్రావణి అన్ని వైర్లు పీకి పెట్టి, ఆఖరికి ప్రాసెసర్ డబ్బా చేతిలకు తీసుకొని నంబరు చదివింది.

"అయ్యో అక్కా, చివర ఎఫ్ ఉంటే బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డు విడిగ వెయ్యాలె. సీలు ఇప్పినంక వాళ్లు వాపస్ తీసుకోరు. ఈ కరెంటు డబ్బా తట్టుకునే చిన్న కార్డు అంటే… భద్రాచలంల వీరబాబు సార్ దగ్గర ఉంటయ్. ఫోన్ చెయ్యాల్నా?"

"వద్దు" అన్నది పుష్పలత.

శ్రావణి పోయినంక నల్ల మానిటర్ ముందర కూసున్నది. ఇంకా రెండు రోజులు. ముప్పై ఒక్కరు. మళ్లా తనే, మళ్లా ఒక్క అక్షరం చూసుకోక. ఫోన్ మూడు సార్లు తీసింది, మూడు సార్లు పెట్టింది. నోటికి రాంది ఫోన్ల మాత్రం ఎట్ల వస్తది? తలెత్తితే మేకుకు కవర్ కనపడ్డది. చెప్పాల్సిందంతా పదకొండేండ్ల నుంచి చెప్పే ఉన్నది, పంపలే అంతే.

పొద్దుగూకక ముందే కవర్ పట్టుకొని గోదావరి ఒడ్డుకు పోయింది. మూతి ఇప్పి, లోపలికి వంగి, ఇంకొక్క మాట చెప్పింది. "వీరబాబూ, ఎఫ్ ఉన్నది కొన్న. బొమ్మ రాలే. శుక్రవారం ఆఖరు." కవర్ దులిపింది. గాలి భద్రాచలం దిక్కే కొట్టింది. దుమ్ము లేచి, నీళ్ల మీద ఆమె గొంతుతో మాట్లాడుకుంట పోయింది. ఇయ్యాల వంకాయ కూర వండిన, ఒక్కదానికి ఎక్కువైంది. జ్వరం వచ్చింది, ఎవరికి చెప్పాలె. వరద మెట్ల దాక వచ్చింది, నువ్వేడున్నవో. అమ్మ పోయింది. తప్పు నాదే వీరబాబూ. ఆ తేదీ నేనే కొట్టిన. తప్పు నాదే. ఒడ్డున బట్టలు పిండుతున్న ముత్తక్క తలెత్తి చూసి, "ఎవరిదో దుమ్ము పోతున్నది" అని కొంగు చెవుల మీదికి లాక్కొని మళ్లా పనిల పడ్డది.

గురువారం పొద్దున పుష్పలత షట్టర్ ఎత్తేసరికి వాకిట్ల స్కూటర్ ఆగి ఉన్నది. వీరబాబుకు జుట్టు సగం నెరిసింది. చేతిల అరచెయ్యంత పాత కార్డు.

"డబ్బా ఇప్పు" అన్నడు.

ఇప్పింది. కార్డు పెట్టి, వైరు మార్చి, బటన్ నొక్కిండు. మానిటర్ తెల్లగ వెలిగింది. పుష్పలత మానిటర్ దిక్కు చూసుకుంటనే అడిగింది, "దూది పెట్టుకోలేదా?"

"దూది కోసమే జేబుల చెయ్యి పెట్టిన. నీ గొంతని తెలిసి పెట్టుకోలే."

"అంతా విన్నవా?"

"చీకటి పడేదాక. వంకాయ కూర సంగతి కూడ." "పదకొండేండ్ల నుంచి ఆ తేదీ నేనే కొట్టిన అనుకుంటున్న లతా. ఆ నాడు ఖమ్మం పోయిన సంగతి నాకూ యాది లేకపాయె. ఆ పిల్ల ఏడాది పోగొట్టిన అని అప్పటి నుంచి ఒక్క ఫారం ముట్టలే. రిపేరే చేసుకుంటున్న."

ఆ తప్పు తను ఒక్కతే మోస్తున్న అనుకున్నది పుష్పలత, నలుగుర్ల ఆయన మీద పెట్టిన సంగతి మరిచిపోయింది. కుర్చీల కూసున్నది.

వీరబాబు రెండో కుర్చీ దుమ్ము దులిపి జరుపుకొని కూసున్నడు. సొరుగు లాగి కాయితాలు బయటికి తీసిండు. పైన బొజ్జయ్య మనవరాలిది.

"నువ్వు చదువు, నేను కొడత. పుట్టిన తేదీ మాత్రం రెండు సార్లు చదువు."

ఆమె కాయితం పట్టుకున్నది గానీ చదవలే. అలవాటు కొద్ది మానిటర్ దిక్కే వంగి, ఎవరూ విననప్పటి గొంతుతో, "తప్పు నాదే" అన్నది.

వీరబాబు కీబోర్డు మీది నుంచి చేతులు తీసిండు.

"ఇటు తిరిగి చెప్పు" అన్నడు.

పుష్పలత కుర్చీ తిప్పుకొని కూసున్నది. మొదటి నుంచి చెప్పింది.