పడవవాడిని రెండుసార్లు కుట్టాను

వరద మా వీధిలో కిటికీల దాకా వచ్చిన ఏడు అది. నాది పుస్తకాలు కుట్టే పని. నీళ్లు తీశాక అందరూ పరుపులు ఎండబెట్టుకుంటుంటే మందుల కొట్టాయన ఒక పుస్తకాన్ని బకెట్లో వేసుకొని వచ్చాడు. కుట్టు తెగి ముద్దయిపోయింది. ఇటుక కన్నా లావు. రాణులు, రెక్కల గుర్రాలు, మంచు అడవులు ఉన్న కథ. ఎలాగైనా నిలబెట్టమన్నాడు.

పదహారు పేజీల మడతను మేము ఫారం అంటాము. చేతికి వచ్చిన ఫారాన్ని వచ్చినట్లు దండెం మీద ఆరేశాను. అంచులు కుళ్లి పేజీ అంకెలు పోయాయి. ఏది ముందో ఏది వెనకో చదివి తేల్చాలి. నేను మూడో తరగతి దాటలేదు. ఆ పని మా ఆవిడ చూసుకుంది. చదువుతూ నాకూ వినిపించేది.

ఎంతకీ ఆ కథ కదలదు. ఒకడు పడవకు తారు పూస్తుంటాడు. అది అయ్యేలోపు ఎక్కడో ఒక రాణి కిటికీ తెరుస్తుంది. అదీ తేలకముందే ఇంకెవడో గుర్రానికి నాడాలు కొట్టిస్తాడు. అధ్యాయానికో మనిషి.

"ఎవడూ గడప దాటడేంటి?" అన్నాను.

"పెళ్లయిన ఎన్నాళ్లకు నోరు విప్పావు నువ్వు? నేను ఆగలేదూ?" అంది.

కొన్నిచోట్ల ఆమెకూ పాలుపోలేదు. మందుల కొట్టాయన ఆ పుస్తకం ముందే చదివినవాడు కాబట్టి పిలిచి అడిగింది. ఇక చూడండి, రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి తిన్నగా మా ఇంటికే. నా ఎదురుగా ఉన్న స్టూలు ఆయనదైపోయింది.

"పడవవాడు రాణిని దాటిస్తాడా అన్నయ్యా?"

"ఇప్పుడే చెబితే రుచేముంటుంది చెల్లెమ్మా? ఎర్రకోట అధ్యాయం దాకా రా, నీకే తెలుస్తుంది."

నోటితో చెల్లెమ్మా అనేవాడు. నోటిదేముంది. పక్కింటివాళ్ల సంగతులు చెప్పుకున్నట్లు ఆ రాణి సంగతులు చెప్పుకొని ఇద్దరూ నవ్వేవారు. అంతకుముందు సాయంత్రాలు ఆమె నాతోనే మాట్లాడేది, నేను ఊఁ కొట్టేవాణ్ణి. ఇప్పుడు నా ఊఁ ఎవరికీ అక్కర్లేదు. సూది వేలిలో దిగినా అటు తిరిగి చూసే దిక్కు లేదు. నాకు కడుపు మండిపోయేది.

పుస్తకం ఇల్లు దాటితే ఆయనా దాటుతాడనుకున్నాను. ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లిన రోజున, తేల్చిన ఫారాలకు తేల్చనివి కలిపి కుట్టేశాను. అధ్యాయానికో మనిషి అయినప్పుడు ఎవడు ముందొస్తే ఏం, ఎవడు వెనకొస్తే ఏం?

ఆమె వచ్చి పుస్తకం తిరగేసింది. తిరగేస్తూ తిరగేస్తూ ఆగిపోయింది.

"ఏమయ్యా, పడవవాడిని ఇక్కడ పూడ్చిపెట్టారు. తర్వాతి ఫారంలో తెడ్డు వేస్తున్నాడు!"

"రెక్కల గుర్రాలున్న కథ కదా. లేచి ఉంటాడు."

"వాడు లేవలేదు, నువ్వు లేపావు. ఏం ముంచుకొచ్చిందని ఇంత తొందర?"

నా చూపు స్టూలు మీదికి పోయింది. ఆమె చూపూ అటే పోయింది.

"ఓరి నా మొగుడా!" అని పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. "ఆయన్ను ఎందుకు అడుగుతున్నాననుకున్నావు? అంతా తేలాక నీకు వరసగా చెబుదామనే. తప్పుల తడకగా చెబితే ఊఁ కొట్టే రకమా నువ్వు? ఇప్పుడు మళ్లీ విప్పాలి, మళ్లీ ఆయన్నే అడగాలి. ఇంకో నెల వస్తాడు. చల్లగా ఉందా?"

ఏం చల్లన. నెలంటే ముప్పై సాయంత్రాలు.

తెల్లవారగానే కుట్టు కోసేసి ఫారాలన్నీ మళ్లీ దండెం మీద వేశాను. మొదటిది ఆమె చేతికిచ్చి చదవమన్నాను. పడవకు తారు పూసే దగ్గర మొదలుపెట్టింది. ఊఁ కొట్టాను. ఊఁ కొడుతూనే జిగురు గిన్నె నిండా కలిపి, తీసుకెళ్లి ఆ స్టూలు మీద పెట్టాను.