ఈ పూట నీడ ఖాళీ లేదు

ఆ ఇంట్లో తెల్లారగానే రెండు పనులు మొదలవుతాయి. కోడలు భుజాన పనిముట్ల సంచీ తగిలించుకుని, తేళ్లు పెంచుకునేవాళ్ల ఇళ్లకి బయల్దేరుతుంది. అత్తగారు పెరట్లోకి వెళ్లి ఎండకి వీపు పెట్టి నిలబడుతుంది. ఆవిడ నీడ వెచ్చగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. చలికాలం వచ్చిందంటే ఇరుగుపొరుగంతా తడిబట్టలు తెచ్చి ఆ నీడలో పరుస్తారు, పసిపిల్లల్ని పడుకోబెడతారు, మోకాళ్ల నొప్పులవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. అడిగేదేముంది, వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నట్టే. ఆవిడ ఒకళ్ల కోసం ఇటు జరిగి, ఇంకొకళ్ల కోసం అటు జరిగి, ఎవర్నీ కాదనకుండా మధ్యాహ్నం దాకా నిలబడుతుంది.

కోడలి పని తేళ్ల పెట్టెలకి వెచ్చదనం అమర్చడం. నవ్వకండి, అదేం ఆషామాషీ పని కాదు. చాలామంది కరెంటుతో వేడెక్కే హీట్ మ్యాట్ కొనుక్కొచ్చి గాజుపెట్టె కింద పరిచేస్తారు, కుక్కపిల్లకి దుప్పటి వేసినట్టు. తేలుకి వేడెక్కువైతే మట్టి తవ్వుకుంటూ కిందికి పోతుంది, అక్కడ చల్లగా ఉంటుందని. కిందే మ్యాట్ ఉంటే ఇంకేముంది, చల్లదనం కోసం తవ్వీ తవ్వీ తిన్నగా సెగలోకే దిగుతుంది. అందుకని మ్యాట్ పక్క గోడకి అంటించాలి, అదీ ఒక్క వైపే. రెండో వైపు చల్లగా వదిలెయ్యాలి. ఎప్పుడు ఎటు ఉండాలో తేలే చూసుకుంటుంది. వేడి హద్దు దాటితే దానంతటదే ఆపేసే థర్మోస్టాట్ లేకుండా కోడలు స్విచ్చి ముట్టుకోదు. ఈ విషయంలో ఎంత పెద్దవాళ్లతోనైనా పేచీ పెట్టుకుంటుంది.

ఆ పేరు విని జూ పెద్దాయన ఆమెని పిలిపించాడు. అక్కడ కొత్తగా తేళ్ల గది కట్టారు, దాన్ని చూసుకునే మనిషి కావాలి. నిండు చూలాలైన ఓ నల్ల తేలుని ఆమె చేతికిచ్చి, ఇది క్షేమంగా పిల్లల్ని పెడితే ఉద్యోగం మీదే, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని ఖరాఖండీగా చెప్పేశాడు. పెళ్లి కాకముందు నుంచీ కోడలు కలలుగన్న ఉద్యోగం అది. తేలుని గాజుపెట్టెలో తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టింది. అత్తగారు మొదట మొహం చిట్లించింది, మర్నాడు తొంగి చూసింది, వారం తిరక్కుండా "మా చూలాలు" అనడం మొదలుపెట్టింది.

ఇంతలో గాలివాన వచ్చి కరెంటు స్తంభాలు కూలిపోయాయి. పొద్దున వాన వెలిసి ఎండ కాసింది గానీ చలి ఎముకలు కొరికేస్తోంది. మ్యాట్ చల్లబడిపోయింది. బ్యాటరీ ఎక్కడైనా దొరుకుతుందేమోనని కోడలు బజారుకి పరిగెత్తింది. అత్తగారు చేతులు కట్టుకుని కూర్చునే రకమా? కిటికీకి వీపు పెట్టి, నీడంతా పెట్టె మీదా బల్ల మీదా పడేలా నిండుగా నిలబడింది. తేలు గబగబా మట్టి తవ్వసాగింది. హాయిగా ఆడుకుంటోందనుకుని ఆవిడ తెగ మురిసిపోయింది.

కోడలు ఉత్తి చేతులతో తిరిగొచ్చి బల్ల మీద చెయ్యి పెట్టి చూసింది. బల్ల పెనంలా కాలుతోంది. పైనా కిందా అన్ని పక్కలా వేడే, తేలుకి పోయేందుకు దారి లేదు. అయినా కోడలు కేకలు పెట్టలేదు. అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా, మీ నీడ దీనికి కావాలి. కానీ ఒక్క పక్కకే కావాలి. కాస్త జరగండి."

అత్తగారి మనసు చివుక్కుమంది. ఎక్కువైందన్న మాట ఆవిడ అంతవరకూ విననే లేదు. కానీ తవ్వుతున్న తేలుని చూసి జరిగింది. కోడలు పెట్టెని చల్లగా ఉన్న స్టూలు మీదికి మార్చి, లోపల థర్మామీటరు పెట్టింది. నీడ అంచు ఒక్క గోడనే తాకాలి. ఎండ జరుగుతుంటే నీడా జరుగుతుంది మరి. ఎడమకి రండి, చాలు, కొంచెం వెనక్కి, అని కోడలు చెబుతూంటే అత్తగారు ఊపిరి బిగబట్టి కదిలేది. తేలు తవ్వడం మానేసింది.

అంతలో పక్కింటావిడ తడిబట్టల బుట్టతో గుమ్మంలోకి వచ్చింది. అత్తగారు మొహం కూడా తిప్పలేదు.

"ఈ పూట నీడ ఖాళీ లేదమ్మా. పనిలో ఉన్నాను."

పక్కింటావిడ నోరెళ్లబెట్టి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. అన్న మాటకి అత్తగారే ఆశ్చర్యపోయింది. కోడలికి ఎంత గర్వమనిపించిందో, కళ్లలో నీళ్లు తిరిగి కాసేపు థర్మామీటరు అంకెలు సరిగ్గా కనబడలేదు.

సాయంత్రం కరెంటు వచ్చేసరికి అత్తగారి మోకాళ్లు కొయ్యబారిపోయాయి. తల్లి తేలు వీపు మీద మాత్రం బియ్యపు గింజల్లా తెల్లటి పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

జూ పెద్దాయన వచ్చి పెట్టెలోకి వంగి చూసి, కరెంటు లేకుండా ఎలా కాపాడారని అడిగాడు. మా అత్తయ్య నీడతో అంది కోడలు. ఆయన అలాగా అని తలూపాడు. అంతలోనే భృకుటి ముడిపడింది.

"థర్మోస్టాట్ లేకుండానా?"

"నేను పక్కనే ఉన్నాను కదండీ."

ఆయన నవ్వేసి, మీ ఉద్యోగం మీకొచ్చింది, మా దగ్గరా కరెంటు పోతూంటుంది, మీకు సాయంగా ఆవిడని కూడా తెచ్చుకోండి అన్నాడు. సాయంగా అయితే రానివ్వనంది కోడలు. ఆవిడకి విడిగా ఉద్యోగం ఇస్తేనే ఇద్దరం వస్తామంది. వచ్చిన ఉద్యోగం కాస్తా పోతుందేమోనని అత్తగారు కొంగు లాగుతున్నా వినలేదు. పెద్దాయన ఆలోచించి సరేనన్నాడు.

మొదటిరోజు జూ గేటు దగ్గర కాపలావాడు కోడల్ని లోపలికి పంపి, వెనకాలున్న అత్తగారిని ఆపాడు. మీరు ఎవరి తాలూకమ్మా అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఆవిడ మొదట్లో తండ్రి పేరు చెప్పేది, పెళ్లయ్యాక భర్త పేరు, ఆయన పోయాక కొడుకు పేరు. కోడలు వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయి, ఆగింది.

అత్తగారు కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"ఎవరి తాలూకూ కాదు నాయనా," అంది. "డ్యూటీకి వచ్చాను."