నుదుటి మీది ఉప్పు

నిన్న మధ్యాహ్నం పడవ దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. ముఖం మా బావది, నడక మా అక్కది. టోపీ తీసి, "సైవ్ పిన్నివి నువ్వేనా?" అన్నాడు. ఒకప్పుడు నా ఒళ్లో నీలంగా మారిపోయిన పసివాడు వీడే. వీడికి సముద్రపు గాలి సోకకూడదనే మా అక్క నన్ను వదిలి వెళ్లిపోయింది.

మా ఇనిష్‌రూ దీవిలో గుడి లేదు. బిడ్డ పుడితే వెంటనే అవతలి ఒడ్డుకు తీసుకెళ్లి జ్ఞానస్నానం ఇప్పించాలి. తల్లి వెంట రాదు. పురిటి తర్వాత గుడిలో ఆశీర్వాదం అందేదాకా ఆమె ఎక్కడికీ వెళ్లకూడదు. బిడ్డను జ్ఞానతల్లి ఎత్తుకెళుతుంది. మా అక్క బైబీన్ కొడుక్కి జ్ఞానతల్లిని నేనే. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. బడికి పోయింది తక్కువే అయినా, మా ఇంట్లో ఉన్న జ్ఞానోపదేశం పుస్తకాన్ని అట్ట ఊడిపోయేదాకా చదివాను.

బిడ్డ బలహీనంగా పుట్టాడు. ఏడుపు పిల్లికూత కంటే చిన్నగా ఉంది. నేను పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే ఎండు మట్టిగడ్డలు తేవడానికి బయటికి వెళ్లిన సమయంలో, వాడు దక్కడేమోనని భయపడి మంత్రసాని నాప్లా ఇంట్లోనే జ్ఞానస్నానం కానిచ్చేసింది. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా ఇవ్వవచ్చు. నేను తిరిగి వచ్చేసరికి మా అమ్మ బిడ్డ తల తుడుస్తోంది, నాప్లా ఉయ్యాల మీది ఇనప పట్టుకారును తీసి గోడకు తగిలిస్తోంది. జ్ఞానస్నానం కాని బిడ్డకు అది కాపలా. ఎవరి నుంచి కాపలా అన్నది మాలో ఎవరూ పైకి అనరు.

"ఇంకా ఇదెందుకే? వీడు దేవుడి మనిషైపోయాడు" అంది నాప్లా. "మిగతా తంతు ఆ ఫాదర్ చూసుకుంటాడు."

తెల్లవారాక గాలి కొంచెం తగ్గింది. అక్క బిడ్డను నా చేతుల్లో పెట్టింది కానీ శాలువా కొంగు వదల్లేదు.

"ముఖం మీద గాలి పడనీకు."

"పడనీనులే."

"ఇంక పోవే. నువ్వు నిలబడితే నేనివ్వలేను."

పడవలో బావ కోలమన్, వాళ్ల నాన్న ఫెస్టీ తెడ్లు వేస్తున్నారు. ఫెస్టీ మావయ్య ఇద్దరు కొడుకులను ఈ నీళ్లకే ఇచ్చాడు. మిగిలినవాడు కోలమన్ ఒక్కడే. మాకు అరుదైన పొడి రోజు అది, చినుకు లేదు.

సగం దూరం వెళ్లాక బావ నవ్వుతూ మొదలుపెట్టాడు. "మీ అమ్మనీ నాప్లానీ చూసుంటే నవ్వి చచ్చేదానివి సైవ్. నాప్లా నీళ్ల చెంబు పట్టుకుని, 'నాకు పళ్లు లేవు, మాటలు జారిపోతాయి. నేను పోస్తా, నువ్వు చెప్పు. ఎలాగూ నోరు నీదే పెద్దది కదా!' అంది. మీ అమ్మ ఆ కోపంలోనే జపమంతా చెప్పేసింది."

నేను బిడ్డను దగ్గరికి లాక్కున్నాను. "బావా, పోసింది ఒకరు, చెప్పింది ఇంకొకరా?"

"అవును. అయితే ఏమైంది?"

"ఒక్క మనిషే చెయ్యాలి. పోసే చెయ్యి, చెప్పే నోరు ఒక్కరివే అవ్వాలి. లేకపోతే చెల్లదు."

ఇద్దరి తెడ్లూ ఆగిపోయాయి. జ్ఞానస్నానం లేని బిడ్డతో, ఒంటి మీద ఇనప ముక్క కూడా లేకుండా, సముద్రం మధ్యలో ఉన్నాం. శాలువా తొలగించి చూశాను. పెదవులు నీలంగా ఉన్నాయి. రొమ్ము కదులుతోందో లేదో తెలియలేదు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పిల్లలను గుడి సమాధుల తోటలో పెట్టరు. మా దీవి పడమటి కొసన, పేరు చెక్కని రాళ్ల కింద పెడతారు. అక్కడికి పగటిపూట కూడా ఎవరూ వెళ్లరు.

"నీళ్లు! మంచినీళ్లున్నాయా?"

"సారా ఉంది" అన్నాడు బావ.

"సారాతో కాదు బావా!" నేను చెయ్యి బయటికి చాచాను.

ఫెస్టీ మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆ నీళ్లొద్దు పిల్లా. నా మాట విను. సముద్రం తన నీళ్లతో పేరు పెట్టినవాణ్ణి మర్చిపోదు. వచ్చి అడుగుతుంది."

"ఒడ్డు దాకా ఆగడు మావయ్యా!"

"ఇద్దర్ని అడిగింది. మూడోవాణ్ణి నీ చేత్తో ఇస్తావా?"

నేను బావ వైపు చూశాను. అతను బిడ్డను చూడలేక తల తిప్పుకుని, "పొయ్యి సైవ్" అన్నాడు.

మావయ్య చెయ్యి సడలింది. దోసిట్లో నీళ్లు తీసుకున్నాను, ఎముకలు కొరికే చల్లదనం. "మాక్‌దారా, పితయొక్కయు పుత్రునియొక్కయు పవిత్రాత్మయొక్కయు నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను" అంటూ నుదుటి మీద మూడుసార్లు పోశాను. మా జాలరుల పునీతుడి పేరు. ఇంట్లో అందరం అనుకున్న పేరు అదే. వాడు ఉలిక్కిపడి, ఒళ్లంతా బిగించి కెవ్వుమన్నాడు. పుట్టినప్పటి ఏడుపు కాదు. పెద్ద ఏడుపు. బావ కూడా ఏడ్చాడు. మావయ్య మాత్రం పడవ వెనక నీళ్లనే చూస్తూ కూర్చున్నాడు. గాలి పూర్తిగా పడిపోయి, నీళ్లు నూనెలా నిలిచాయి.

గుడిలో ఫాదర్ ఒక్కొక్కటే అడిగాడు. ఎవరు పోశారు? ఎవరు చెప్పారు? నుదుటి మీద నీళ్లు పారాయా? నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

"బాగా చేశావమ్మా. అయిపోయింది. నేను మళ్లీ పొయ్యక్కర్లేదు."

"ఒక్కసారి మంచినీళ్లు పొయ్యండి ఫాదర్. అవి సముద్రపు నీళ్లు."

"నీళ్లు నీళ్లేనమ్మా. ఆ ముద్ర ఒక్కసారే పడుతుంది. కడిగితే పోయేది కాదు, రెండోసారి వేసేదీ కాదు."

నాలుక మీద ఉప్పు పెట్టాడు, తైలం రాశాడు, నా చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చాడు. మావయ్య గుమ్మం లోపలికి రాలేదు.

ఇంటికి రాగానే అక్క బిడ్డను లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. పెదవులు తడుముకుంది.

"ఉప్పగా ఉందేమే?"

"ఫాదర్ ఉప్పు పెట్టాడు."

"నాలుక మీద కదే పెట్టేది?"

ఆమె మామగారి ముఖం చూసింది. ఇంకేమీ అడగలేదు.

ఆ వేసవిలోనే వాళ్లు ఒడ్డుకు దూరంగా, సముద్రపు వాసన తగలని ఊరికి వెళ్లిపోయారు. పడవలో అక్క నీళ్లకు వీపు పెట్టి, బిడ్డ తల మీదుగా శాలువా కప్పి కూర్చుంది. నేను చెయ్యి ఊపాను. ఆమె రెండు చేతులూ బిడ్డ మీదే ఉన్నాయి. అక్కను నేను చూడడం అదే ఆఖరు.

నిన్న మాక్‌దారా నా పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగాడు. "పడవలో అందరూ కక్కుకున్నారు పిన్నీ. నాకేమీ కాలేదు. ఎన్నాళ్లనుంచో ఎరిగున్న చోటికి వచ్చినట్టుంది."

"మీ అమ్మ ఏమీ చెప్పలేదా?"

"సముద్రం వైపు పోకనేది. ఎందుకంటే చెప్పేది కాదు. చలికాలంలో పోయింది కదా, ఇంకెవరాపుతారు?" అని నవ్వాడు. మా అక్క పోయిందని నాకు అలా తెలిసింది.

ఈ పొద్దున గాలి పడిపోయింది. నీళ్లు నూనెలా ఉన్నాయి. ఇలాంటి నిలకడను నేను జన్మలో ఒక్కసారే చూశాను.

"రేపు వెళుదువుగాని నాయనా."

"ఇంత మంచి రోజు మళ్లీ దొరుకుతుందా పిన్నీ? నేనే తెడ్డు వేస్తానని పడవవాడితో చెప్పాను."

బావి దగ్గర మంచినీళ్లతో ముఖం కడుక్కుని, తుడుచుకుని వచ్చి, సెలవు తీసుకోవడానికి వంగాడు. నేను అతని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను.

పెదవులకు ఉప్పు తగిలింది.