సోలంగ్ వాలు మీద అనసూర్య

"పప్పుల పులుపు తక్కువైంది," అన్నాడు వీరేందర్, మంచం మీద దుప్పటి మెడదాకా కప్పుకొని తింటూ.

మనాలిలోని ఆ హోటల్ గదిలో రైస్ కుక్కర్‌కి పనికొచ్చే ప్లగ్గు బాత్రూం తలుపు పక్కన ఒక్కటే ఉంది. దాని ముందు గొంతుకూర్చొనే అతని భార్య అనసూర్య ముందు అన్నం, తర్వాత టమాట పప్పు దించింది. కూతురు సహస్ర, అత్త లస్మవ్వ కిటికీకి అతుక్కుపోయి "అగో మంచు!" అని మురుస్తుంటే ఆమెకు వాళ్ల వీపులే కనబడ్డాయి. "మనకు రొట్టెలు పడయి" అని వీరేందర్ గోదావరిఖనిలోనే తేల్చేశాడు. దాంతో బియ్యం, కందిపప్పు, మామిడికాయ తొక్కు అన్నీ ఆమె సంచిలో ఎక్కి హిమాలయాల దాకా వచ్చాయి.

వీరేందర్‌ది బొగ్గుబాయిలో పని. కంపెనీ ఇచ్చే సెలవు ప్రయాణానికి ఈసారి మంచుకొండలు చూద్దామన్నది సహస్ర. అతను సెలవు పెట్టొచ్చాడు. నేను ఎవరికి పెట్టాలి సెలవు అనుకుంది అనసూర్య. డ్యూటీ అతనిదే గానీ షిఫ్టులు ఇద్దరివీ. పొద్దుటి షిఫ్టయితే చీకటితో లేచి డబ్బా కట్టాలి. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుంటే పగలంతా క్వార్టర్‌లో గిన్నె చప్పుడు కాకూడదు, కుట్టుమిషన్ తిరగకూడదు, చివరికి దగ్గొచ్చినా పెరట్లోకి పోయి దగ్గాలి. ఇంత చేసినా ఇంటికి ఎవరొచ్చినా అతను అనే మాట ఒకటే: "ఆమెకేంది, ఇంట్ల ఉండేటిది." పెళ్లయిన కొత్తలో ఆ మాటకు ఉక్రోషం వచ్చేది. తర్వాత్తర్వాత తనూ అదే చెప్పడం మొదలుపెట్టింది. "మీరేం చేస్తరు?" అని ఎవరైనా అడిగితే "ఏం చెయ్య, ఇంట్లనే ఉంట" అనేది, మిషన్ మీద ఊరివాళ్ల జాకెట్లన్నీ కుడుతూనే.

సోలంగ్ లోయలో జనం తిరునాళ్లలా ఉన్నారు. వీరేందర్ తనకూ సహస్రకూ మంచు మీద జారే స్కీలు అద్దెకు తీసుకున్నాడు. "నువ్వు అవ్వతోని ఈడ కూసో. సంచులు జూడు," అన్నాడు.

"నేను సుత జారుత," అంది అనసూర్య మెల్లగా.

"నీకెందుకే గవి? నడుమిరిగితే వంటెవరు జేస్తరు?"

నవ్వుతూనే అన్నాడు. పక్కనున్నవాళ్లెవరో కూడా నవ్వారు. నొప్పి లేస్తుందని కూడా అనలేదు, వంట ఆగిపోతుందన్నాడు. ఆమెకు చెవులు వేడెక్కాయి, అంత చలిలోనూ.

వాళ్లు వెళ్లాక లస్మవ్వ చెయ్యి చాపింది. "ఇటు తే ఆ సంచి."

"ఎందుకత్తమ్మ?"

"మీ మామ బాయిల దిగినన్ని దినాలు నేను పొయ్యికాడనే కూసున్న. ఎవ్వరు గూడ లెవ్వమనలే. ఇంత దూరమొచ్చి నువ్వు సుత గట్లనే కూసుంటే నా పాణం ఒప్పుతలేదు. పో బిడ్డ. సంచులు నేను జూస్త."

అనసూర్య అత్త మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఎగతాళి లేదు. చీర మీదనే అద్దె మంచుబట్టలు తొడుక్కొని, స్కీలు పట్టుకొని, బరువు బూట్లతో వాలు దగ్గరికి నడిచింది.

నేర్పే అమ్మాయి పేరు డోల్మా. కాలనీలో పక్క క్వార్టర్లవాళ్ల దగ్గర పట్టుబడిన హిందీ అనసూర్యకు అక్కరకొచ్చింది. "మోకాళ్లు వంచండి. కాళ్లవైపు కాదు, ముందుకు చూడండి," అంది డోల్మా. అనసూర్య కాళ్లవైపే చూసింది, దబ్బున పడింది.

"అగో, పడ్డది!" అని వీరేందర్ గొంతు వినిపించింది. అతను అప్పటికే పడి లేచి, ఇక చాలని స్కీలు తిరిగిచ్చేసి, చాయ్ తాగుతూ ఫోన్‌లో ఆమెను వీడియో తీస్తున్నాడు.

నోట్లో మంచు, మెడలో మంచు. సిగ్గుతో చచ్చిపోతాననుకుంది గానీ, వింతేమిటంటే, ఆమెకు సిగ్గు రాలేదు. పాలు పొంగకుండా, అన్నం అడుగంటకుండా, ఎవరి మాటా పడకుండా చూసుకోవడంలోనే బతుకంతా అయింది. ఇప్పుడు తను పడితే ఎవరి అన్నమూ మాడలేదు, ఎవరి నిద్రా చెడలేదు. ఈ పడటం అచ్చంగా తనది. లేచింది. మళ్లీ పడింది. అడ్డంగా అడుగులేస్తూ, ఆయాసపడుతూ వాలు పైకెక్కింది. ఈసారి మోకాళ్లు వంచి, దూరంగా దేవదారు చెట్లవైపు చూసి, వదిలేసింది. గాలి కళ్లలోంచి నీళ్లు తెప్పించింది. కాళ్ల కింద కొండ కదిలిపోతోంది. ఎవరో పెద్దగా కేక పెట్టారు. కింద తనంతట తనే ఆగాక గానీ ఆ కేక తనదేనని తెలియలేదు.

"బిడ్డా!" అని లస్మవ్వ చప్పట్లు కొట్టింది. సహస్ర పరుగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది. వీరేందర్ చాయ్ గ్లాసు పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

సాయంత్రందాకా జారింది. డోల్మా స్కీలు విప్పుతూ, "ఎల్లుండి నుంచి రెండు వారాలు మా అమ్మవాళ్లింట్లో స్కీయింగ్ నేర్చుకునే ఆడవాళ్ల బ్యాచ్ ఒకటి మొదలవుతుంది. అక్కడే ఉండి నేర్చుకోవచ్చు. ఉంటారా దీదీ?" అంది.

మర్నాడు పొద్దున అనసూర్య తను ఇక్కడే ఉండి నేర్చుకుంటానని చెప్పింది. వీరేందర్ మంచం మీంచి దిగ్గున లేచాడు.

"మతి ఉన్నదా నీకు? ఒక్కదానివి ఈడుంటవా? నాకు డబ్బ ఎవరు కడ్తరు?"

"నువ్వే కట్టుకో. జాకెట్లు కుట్టిన పైసలు నాకాడ ఉన్నయి, వాటితోనే ఉంట."

"అవ్వా, నువ్వన్న చెప్పు!"

"నాకెందుకురా చెప్పుమంటవు? ఉంటనన్నది, ఉండనియ్యి," అంది లస్మవ్వ. "ఎసరు పెట్టుడు నీకు నేను నేర్పుత. ఆలస్యమైతే అయింది."

సహస్ర నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రం వాళ్లు తిరిగెళ్లే ఢిల్లీ బస్సు దగ్గర వాళ్ల సామాను తనే ఎక్కించబోయింది అనసూర్య, అలవాటు కొద్దీ. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. వీరేందర్ ఒక్కొక్కటీ ఎక్కించుకున్నాడు. కూర్చున్నాక కిటికీ అద్దం జరిపి తల బయటపెట్టాడు. కోపం కన్నా బిత్తర ఎక్కువ కనబడింది ఆ మొహంలో.

"కాలనీల మంది అడుగుతరు గదా. ఏమని చెప్పాలె?"

"మా ఆమె మంచుమీద ఉరుకుడు నేర్సుకుంటాందని చెప్పు," అంది అనసూర్య. బస్సు కదలకముందే వెనుదిరిగి, కొండవైపు నడిచింది.