రుచి తెలియని మూడు వారాలు

బస్సు డిపో ఎదురుగా, ఇస్త్రీ షాపు పక్కన ఒక సన్నటి గది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. ఈ దేశం వచ్చిన రెండో ఏడు కోడలు ఆ గది అద్దెకు తీసుకుని, డిపోలో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం భోజనం డబ్బాలు కట్టడం మొదలుపెట్టింది. వంట ఆమెది, మోత భర్తది. రుచి చూసే ఉద్యోగం మాత్రం అత్తగారిది. ఆవిడ అరచేతిలో చుక్క వేసుకుని నాకి, తల ఊపితే తప్ప పొయ్యి మీంచి గిన్నె దిగేది కాదు.

నాలుగేళ్ళలో పన్నెండు డబ్బాలు డెబ్భై అయ్యాయి.

ఆ ఏడు వానల్లో అత్తగారికి జ్వరం వచ్చి తగ్గింది. మూడు వారాల తర్వాత డిపో మెకానిక్ డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. మొదటి రోజు నుంచీ తింటున్న మనిషి.

"ఏమ్మా, ఇంట్లో గొడవేమన్నా అయిందా? సోమవారం పప్పు చప్పగా ఉంది. ఇవాళ కూర ఉప్పు కషాయం. మావాళ్ళు మొహమాటపడి నన్ను ముందుకి తోశారు" అన్నాడు ఇబ్బందిగా.

కోడలు కాస్త తీసి నోట్లో వేసుకుంది. మింగలేకపోయింది. ఆయనకి క్షమాపణ చెప్పి లోపలికి వెళ్ళింది. అత్తగారు పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, పొద్దున కూర చూశారు కదా?"

"చూడకుండా పంపిస్తానా? కొత్తగా నా మీద అనుమానమా?"

కోడలు వాదించకుండా అదే కూర ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ నాకి, "బాగానే ఉందిగా" అంది. కోడలి మొహం చూశాక విషయం అర్థమైంది. కత్తి పక్కన పెట్టేసింది.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ నాలుక చచ్చిపోయిందే. ఉప్పూ లేదు, పులుపూ లేదు, మట్టి తిన్నట్టుంది. నీ చెయ్యి మంచిదే కదా అని తల ఊపేస్తున్నా."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పి? ఇక్కడి భాష రాదు. వీధి చివర దాటితే దారి తెలీదు. ఈ ఒక్క పనీ పోతే నేనెందుకే ఇక్కడ?"

కోడలికి పాత సంగతి గుర్తొచ్చింది. మొదటి రోజు డిపో గేటు దగ్గర తను పన్నెండు డబ్బాలతో కాళ్ళు కదలక నిలబడిపోయింది. అప్పుడు ఒక్క మాట భాష రాని అత్తగారే డబ్బా లాక్కుని, మూత తీసి, ఎదురొచ్చిన మెకానిక్ ముక్కు కింద పెట్టింది.

"ఆ రోజు మీరు లేకపోతే ఈ గదే లేదు అత్తయ్యా. నాలుక పోతే పోయింది, ఇన్నేళ్ళు ఇంట్లో వండిన మీ చేతికి తెలుసుగా. నాకు చెప్పండి, రాసుకుంటా."

ఆ ఆదివారమే మొదలుపెట్టారు. అత్తగారు ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టగానే కోడలు మణికట్టు పట్టుకునేది. ఆ పిడికెడూ త్రాసులో వేసి, తూచి, కాగితం మీద రాసేది. రుచి చెప్పమని భర్తని కూర్చోబెడితే అన్నిటికీ "బాగుంది" అన్నాడు.

"వీడికి చిన్నప్పుడు గడ్డి పెట్టినా ఇదే మాట!" అని అత్తగారు కసిరి, తనే నవ్వేసింది. ఆ నెలలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఇక గత్యంతరం లేక కోడలే రుచి చూసింది. ఇన్నేళ్ళూ తన నాలుకని తానే నమ్మలేదని అప్పుడు తెలిసింది. ఒకటికి నాలుగుసార్లు వండి, ఇరవై ఆరు వంటలకి కొలతలు తేల్చారు. ఖాళీగా కూర్చోలేని అత్తగారు, వచ్చినవాళ్ళకి డబ్బాలు అందిస్తూ కిటికీ దగ్గర చేరింది. ఎవరికి కారం పడదో, ఎవరు మారు అడుగుతారో వారంలో పట్టేసింది. భాష కూడా అక్కడే, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

కొలతలు కాగితం మీద ఉండబట్టి, మరుసటి ఏడు ఇద్దరు వంటవాళ్ళని పెట్టుకోగలిగారు. ఆసుపత్రి వీధిలో రెండో వంటగది తెరిచారు. ఈలోగా అత్తగారికి పులుపు తెలిసింది, మెల్లగా మిగతావీ తెలిశాయి.

కొత్త వంటగదిలో పొయ్యి వెలిగించిన పొద్దున కోడలు ఆవిడ చేతులు పట్టుకుంది.

"ఇదంతా మీ చలవే అత్తయ్యా."

"నాదేముంది, ఆ జ్వరానికి చెప్పుకో" అంటూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "వదులు. బయట జనం నిలబడ్డారు."