తలుపు బయటి కబుర్లు

తండ్రి బల్ల మీద పళ్లెం ఉంచి, మూత పెట్టి, తలుపు మీద రెండు వేళ్లతో తట్టాడు. లోపల్నించి జవాబు లేదు. ఉండదని ఆయనకూ తెలుసు.

"నాన్నా, టిఫిను పెట్టాను. చల్లారిపోకముందే తిను," అన్నాడు. ఎడమ భుజం ఒకసారి గుండ్రంగా తిప్పుకుని సెలూనుకు బయల్దేరాడు.

లోపలున్నది కొడుకు. ముప్ఫై మూడేళ్లవాడు, లెక్కల మాస్టరు. ఎనిమిది నెలల కిందట పాఠం మధ్యలో చాక్‌పీసు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చి పడుకున్నాడు. మళ్లీ బడి మొహం చూడలేదు. తండ్రి లేనప్పుడు బయటికొచ్చి స్నానం చేస్తాడు, సగం తింటాడు, మళ్లీ గడియ పెట్టుకుంటాడు. తల్లి ఉంటే ఏం చేసేదో! ఆమె పోయి ఆరేళ్లయింది. డాక్టరు మాటెత్తితే చాలు, "నాకేం జబ్బు లేదు నాన్నా, వదిలెయ్," అంటాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు గానీ, ఇది మొండితనం కాదని తండ్రికి తెలుసు. మొండివాడి గొంతులో బలముంటుంది. వీడి గొంతులో అదీ లేదు.

సెలూన్లో ఆయన్ని అందరూ రేడియో అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే కుర్చీ వెనక నిలబడి, ఎడమచేత్తో కత్తెర ఆడిస్తూ, కూర్చున్నవాడి తల ఎటు తిప్పాలో కుడి చూపుడువేలి కొసతో చెబుతూ, నోటితో లోకాన్నంతా చుట్టి వచ్చేవాడు. అలాంటి రేడియో ఈ మధ్య మూగబోయింది.

"ఏమయ్యా, సెల్లు అయిపోయాయా?" అన్నాడు ఆ పొద్దున గడ్డానికొచ్చిన పోస్టుమాస్టరు.

"లేదు సార్, టైము మార్చాను. ఇప్పుడు ప్రసారాలన్నీ సాయంత్రమే."

నిజమే చెప్పాడు. పగలంతా ఇప్పుడాయన వింటాడు. ఎవరి నోట ఏ తమాషా రాలినా ఏరుకుని దాచుకుంటాడు. సాయంత్రం ఇంటికెళ్లి, కొడుకు తలుపు పక్కన కుర్చీ వేసుకుని, దాచుకున్నదంతా చెబుతాడు. చివర్న ఒక్కటే మాట అడుగుతాడు: "రేపు వెళ్దామా డాక్టరు దగ్గరికి?" గోడలకు చెవులుంటాయంటారు. తన కబుర్లు వినే చెవులు ఆ తలుపుకు ఉన్నాయో లేవో ఎనిమిది నెలలైనా తేలలేదు.

మధ్యాహ్నం సెలూన్ మూసి ఆసుపత్రికెళ్లాడు. వాడు రానంటే వాడి జబ్బునే మోసుకెళ్తే సరి అనుకున్నాడు, పిచ్చి తండ్రి. చీటీ తన పేరు మీదే రాయించాడు. మానసిక వైద్యురాలి ఎదుట కూర్చుని కొడుకు బాధలన్నీ తనవిగా ఏకరువు పెట్టాడు. నిద్ర పట్టదు. ఆకలి లేదు. పొద్దున లేవాలంటే ఒళ్లు బండరాయి. పిల్లల ముఖాలు చూస్తే ఏడుపొస్తుంది.

"ఏ పిల్లలు?" అంది డాక్టరమ్మ.

"బళ్లో పిల్లలమ్మా."

"మీది సెలూన్ అని రాసుందే?"

దొరికిపోయాడు. తల దించుకున్నాడు. "మా వాడికమ్మా. మందు రాయండి, పాలల్లో కలిపిచ్చేస్తా. తెలీనివ్వను."

"తెలిసిన రోజున మీ చేతి మంచినీళ్లు కూడా తాగడు. అలా వద్దండి. బతకాలని లేదు లాంటి మాటేదైనా అతని నోట వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఫోన్ చేయండి. ఇవాళ్టికి డాక్టరు మాటెత్తకండి. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పి లేవండి. అడక్కపోతే ఏమవుతుందో చూద్దాం." ఆమె మాట ఆపి ఆయన్ని పరీక్షగా చూసింది. "మీకా చెమటలేంటి? చెయ్యెందుకలా నొక్కుకుంటున్నారు?"

"ఇదా? కత్తెర చెయ్యమ్మా. నాది ఎడమచేతి వాటం. ఇన్నేళ్లు గాల్లో ఎత్తిపెడితే లాగదూ?"

"పక్క గదిలో గుండె పరీక్ష చేయించుకుని వెళ్లండి."

"రేపు చేయించుకుంటాలెండి. నాకేం జబ్బు లేదు."

ఎవరి మాట ఎవరి నోట వచ్చిందో చూశారా!

ఇంకా ఎండ పోకముందే ఇల్లు చేరాడు. కుర్చీ వేసుకుని, వెనక్కి వాలి, ఊపిరి తీసుకున్నాడు.

"నాన్నా, ఇవాళ ఏమైందో తెలుసా? మన బట్టతలాయన లేడూ? చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు పాపం. అయినా వారం వారం వస్తాడు. మర్యాద కోసం నేనూ పావుగంట గాల్లోనే కత్తెర ఆడిస్తా. ఇవాళ అద్దంలో అటూ ఇటూ చూసుకుని, 'ఏవయ్యా, వెనకాల మరీ పొట్టిగా కొట్టేశావే' అన్నాడు!"

లోపల మంచం కిర్రుమంది. తర్వాత ముక్కులోంచి ఓ చిన్న నవ్వు. నవ్వే! ఎనిమిది నెలల తర్వాత నవ్వు! 'రేపు వెళ్దామా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఉండు, అసలు సంగతి వినలేదు నువ్వు. అప్పుడు నేనేమన్నానంటే..."

కొడుకు ఎదురుచూశాడు. నాన్న ఊరించడానికి ఆగాడనుకున్నాడు. వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. కబురు ముందుకు సాగలేదు. రోజూ చివర్న వచ్చే ప్రశ్న కూడా రాలేదు. కాసేపటికి అతనే లేచి గడియ తీశాడు.

"తర్వాత? ఏమన్నావు నాన్నా?"

తండ్రి గోడకు తల ఆనించి కూర్చునే ఉన్నాడు. కళ్లు సగం మూసి ఉన్నాయి. చెప్పబోయే మాటకు తనే ముందుగా నవ్వుకుంటున్నట్టుంది ముఖం.

ఆ ఇంట్లోంచి అంత పెద్ద కేక విని పక్కింటి పిన్ని పరుగెత్తుకొచ్చింది. గుండె ఆగిపోయిందన్నారు ఆసుపత్రిలో.

నాలుగో రోజు పొద్దున ఆవిడ ఇల్లు ఊడవడానికి వచ్చేసరికి అతను చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పిన్నీ, నాతో ఆసుపత్రి దాకా వస్తారా? ఒక్కణ్ణే వెళ్లలేను."

"ఏం నాయనా, ఒంట్లో బాలేదా?"

"బాలేదు పిన్నీ. ఎనిమిది నెలల్నించి బాలేదు."

ఈ ఒక్క మాట కోసం అన్ని సాయంత్రాలు పడిగాపులు పడ్డ మనిషి వినడానికి లేడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, అడ్డంగా ఉన్న కుర్చీ పక్కకు తీసింది. వెనక గోడ చూసి, తడిగుడ్డ తీసుకుని వంగబోయింది.

"వద్దు పిన్నీ. ఉండనీండి," అన్నాడతను.

తలుపు పక్కన తెల్ల సున్నం మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, అరచేతంత నూనె మరక.