బ్యాగుల దగ్గర మనిషి

"నువ్వు బ్యాగులు చూసుకుంటూ ఉండు మీమీ, మేం ఇలా పైకెళ్ళి అలా వచ్చేస్తాం."

పెళ్ళయిన కొత్తలో ఎఫ్రయిన్ ఈ మాట మొదటిసారి అన్నప్పుడు నేను కడుపుతో ఉన్నాను, కాబట్టి న్యాయంగానే అనిపించింది. మరుసటేడు చంకలో మరిసోల్ ఉంది, అదీ న్యాయమే. తర్వాత పిల్ల పెరిగింది, బడికెళ్ళింది, సెలవు రోజుల్లో నాయనమ్మ ఇంటికి పోవడం మొదలుపెట్టింది. నా చంక ఖాళీ అయింది గానీ నా చోటు మారలేదు. మా కొండకి సగం పైన, రెండు శిఖరాల మధ్య ఒక కనుమ ఉంది. అక్కడిదాకా దారి నిటారే అయినా కాళ్ళతో నడవొచ్చు. అక్కడి నుంచి పైకి చేతులు కూడా ఆనించి ఎక్కాలి. అందుకని మా ఆయనా, మరుదులూ బరువులన్నీ కనుమలో దించేవారు. బరువులతోపాటు నన్నూ దించేవారు.

ఆ బరువులు అక్కడిదాకా తెచ్చేది ఎవరనుకున్నారు? తెల్లారకముందే లేచి బీన్స్ ఉడికించి, గుడ్లలో పచ్చి మిరపకాయ కోసి వేసి, వేడి టోర్టియా రొట్టెల్లో చుట్టి, ఒక్కొక్క బరీటోని ఫాయిల్లో మడిచేది నేను. సీసాలన్నీ నింపేది నేను. ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరి ముక్కు ఎండకి తోలు ఊడుతుందో గుర్తుపెట్టుకునేది నేను. వాళ్ళు ముందు చేతులూపుకుంటూ నడిచేవారు. వెనకాల నేను కంచరగాడిదలా. కనుమ దగ్గర ఇంత తిని, ఇంత తాగి, మూతులు తుడుచుకుని పైకి పోయేవారు. దిగి వచ్చాక "పైనేం లేదు మీమీ, రాళ్ళూ గాలీ" అనేవారు. అత్తగారైతే ఇంకా చక్కగా చెప్పారు: "ఆడదానికి అక్కడేం పనే? కొండ మీద వంటిల్లుందా ఏం?" అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి.

మా ఊరు ఎల్ పాసోలో ఏ వీధిలో నిలబడినా ఆ కొండ కనిపిస్తుంది. మా వంటింటి కిటికీలోంచి మరీను. రోజూ సాయంత్రం గిన్నెలు తోముతూ ఆ శిఖరాన్ని చూస్తాను. పొద్దువాలే వేళకి రాయంతా నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. నేను పనిచేసే పళ్ళ డాక్టరు గారి ఆఫీసులో అందరి పుట్టినరోజులకీ కేకు తెచ్చేదీ, కోసేదీ, బల్ల తుడిచేదీ నేనే. ఒకసారి డాక్టరు గారు "మీరు కొండలెక్కుతారటగా?" అనడిగారు. "ఆ, సగం" అన్నాను. ఆయన నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు ఆ శిఖరం కావాలి. ఎందుకని అడిగితే చెప్పలేను, కావాలంతే.

కిందటి వసంతంలో, ఒకోతియో ముళ్ళపొదల కొమ్మల చివర ఎర్రపూలు విరగబూసిన రోజుల్లో, కనుమలో కూర్చుని ఉంటే పైనుంచి ఒక పెద్దావిడ ఒంటరిగా దిగి వస్తూ కనిపించింది. ఆ జారుడు రాళ్ళ మీద కుర్రాళ్ళు పిర్రల మీద కూర్చుని దేకుతారు. ఈవిడ పక్కకి తిరిగి, మోకాళ్ళు కాస్త వంచి, అడుగులో అడుగు వేస్తూ, రాళ్ళతోపాటు తనూ జారుతూ, జారుడుని తన అదుపులో పెట్టుకుని వచ్చేసింది. మగవాళ్ళ చారల చొక్కా, గడ్డి టోపీ, దానికింద తెల్లటి జడ. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఎవరివి మిహా ఈ బ్యాగులన్నీ?" అంది, కూతుర్ని పిలిచినట్టు.

"మావాళ్ళవండీ."

"నీదేది?"

వెతికాను. నిజంగానే వెతికాను. నా తాళంచెవులు ఎఫ్రయిన్ బ్యాగు పక్క జేబులో ఉన్నాయి. నా టోపీ మరిది సంచీలో ఉంది. నాకంటూ ఒక బ్యాగు లేదు. నా మొహం చూసి ఆవిడ ఇంకేం అడగలేదు. "శనివారాలు మేం నలుగురైదుగురం ఆడవాళ్ళం ఎక్కుతాం. నీ బ్యాగు కొనుక్కుని రా" అని దిగిపోయింది. ఆవిడ పేరు డోన్య చాయో. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ళే, ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో వండిందట. మొగుడు పోయాక ఆయన చొక్కాలన్నీ దానం చేసేసి, ఒక్క ఈ చారలది ఎండకి పనికొస్తుందని ఉంచుకుందట.

మొదటి శనివారం నేను చేసిన నిర్వాకం వింటే నవ్వుతారు. కొత్త బ్యాగు కొన్నాను. దాన్నిండా అందరికీ బరీటోలు, అందరికీ నీళ్ళు, అందరికీ ఎండకి రాసుకునే క్రీము, అందరికీ కాగితపు రుమాళ్ళు కుక్కాను. కొండ కింద పార్కు గేటు దగ్గరే నా నడుం వంగిపోయింది. డోన్య చాయో బ్యాగు జిప్పు తీసి చూసి, "అమ్మా తల్లీ! నిన్ను ఎవరడిగారే?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మిగతా ఆడవాళ్ళని పిలిచి, అక్కడే కార్ల మధ్య నేలమీద కూర్చోబెట్టి, నా బరీటోలన్నీ తినిపించేసింది. "బ్రహ్మాండంగా ఉన్నాయి. మళ్ళీ తేకు" అంది, చేతులు దులుపుకుంటూ.

ఆవిడ దగ్గర పద్ధతులు కొన్నే. ఎవరి నీళ్ళు వాళ్ళే మోసుకోవాలి. సగం నీళ్ళు అయిపోతే, శిఖరం మూరెడు దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. ప్రతి ఒక్కరి దగ్గరా మెడకి ఎర్రగుడ్డ కట్టిన సీసా ఒకటి అదనంగా ఉండాలి. అది దిగేవాళ్ళ సీసా. దారిలో నీళ్ళు లేక చిక్కుకున్నవాళ్ళెవరైనా కిందికి చేరడానికి అది ఇస్తాం. పైకి పోతామనేవాళ్ళకి మాత్రం ఎవరికీ ఇవ్వం. చోయా జెముడు ముళ్ళు ఒంట్లో దిగితే చేత్తో పీకకూడదని ఆవిడ చొక్కా జేబులో ఒక దువ్వెన పెట్టుకునేది. నా పిక్కకి పట్టిన ముళ్ళగడ్డని ఆ దువ్వెనతో ఒక్క విదిలింపున ఊడగొట్టి, మళ్ళీ అదే దువ్వెనతో ముంగురులు సర్దుకుంది. అంత దర్జా నేను ఏ రాణిలోనూ చూడలేదు. చూసిన రాణులెవరూ లేరనుకోండి, అది వేరే సంగతి.

శీతాకాలమంతా ఎక్కాను. కిత్తనార ముళ్ళు షూ పక్కనుంచి దిగాయి, అరచేతులు గీరుకుపోయాయి. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట నా సగం నీళ్ళు అయిపోయేవి. ఒకసారి శిఖరం మీద నిలబడ్డవాళ్ళ టోపీలు కూడా కనిపించాయి. సీసా ఎత్తి చూసుకున్నాను, సగానికి దిగిపోయింది. అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. డోన్య చాయో "అయ్యో పాపం" అనలేదు. తనూ నాతోపాటు వెనక్కి తిరిగింది. "ఎందుకండీ, మీరు వెళ్ళండి" అంటే, "ఇదివరకే చూశాగా, శిఖరం ఎక్కడికీ పోదు" అంది. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

"మీ ముసలమ్మల ఊరేగింపు ఎక్కడిదాకా వచ్చింది?" అని ఎఫ్రయిన్ వేళాకోళం చేసేవాడు. ఈ శనివారం తనూ వస్తానన్నాడు. "ఎవరో ఒక మగాడు తోడుండాలి కదా."

"రా. నీ నీళ్ళు నువ్వే నింపుకో" అన్నాను శుక్రవారం సాయంత్రం.

"నీ బ్యాగులో ఉంటాయిగా."

"నావి నాకే."

నవ్వాడు. నేను పరాచికాలాడుతున్నాననుకున్నాడు. సింకు దగ్గర నా చెయ్యి ఊరుకోలేదు, కుళాయి కిందికి ఇంకో సీసా దానంతటదే పోయింది. మళ్ళీ వెనక్కి లాక్కున్నాను. పొద్దున అతను కారు తాళాలూ, ఫోనూ, ఒక కోలా సీసా పట్టుకుని బయల్దేరాడు. కనుమకి చాలా ముందే కోలా అయిపోయింది.

కనుమలో అందరం చలికోట్లు విప్పాం, మధ్యాహ్నం తిండి బ్యాగులతోపాటు ఒకచోట కుప్పపెట్టాం. ఆ పూట నీళ్ళు చాలనివాళ్ళు వాటికి కాపలా ఉండటం మా వాళ్ళలో రివాజు. నా సీసాలు చూసుకున్నాను. సగానికి ఇంకా బోలెడు పైనే ఉన్నాయి. మొదటిసారి!

ఎఫ్రయిన్ చెయ్యి చాపాడు. "ఆ సీసాలిటు ఇవ్వు మీమీ. నేను ఒక్క పరుగున పైకెళ్ళి వస్తా. నువ్వు ఎలాగూ బ్యాగుల దగ్గర ఉంటావుగా."

అందులో దుర్మార్గం ఏమీ లేదు. అందుకే నాకు భయం వేసింది. అతను నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుంటాడు, మరిసోల్ని ఎత్తుకుని ఇల్లంతా తిప్పినవాడు. ఉప్పు అందించమన్నంత మామూలుగా అడిగాడు. ఇచ్చేస్తే ఎంత తేలిక! గొడవుండదు, రాత్రి భోజనాల దగ్గర మూతి విరుపులుండవు. ఇవ్వకపోతే సాయంత్రానికి అత్తగారి చెవిన పడుతుంది, ఎడారిలో మొగుడు నీళ్ళడిగితే లేదందట అని. డోన్య చాయో వంక చూశాను, ఆవిడ ఏదో ఒకటి అంటుందేమోనని. ఆవిడ వంగి షూ లేసు కట్టుకుంటోంది. అప్పటికే కట్టి ఉన్న లేసే, విప్పి మళ్ళీ కడుతోంది. తల ఎత్తలేదు. నా మాట నన్నే అననిచ్చింది మహాతల్లి.

బ్యాగులోంచి ఎర్రగుడ్డ కట్టిన సీసా తీసి అతని చేతిలో పెట్టాను. "ఇది దిగడానికి సరిపోతుంది. ఎక్కడానికి కాదు."

"అంటే?"

"అంటే ఈ రోజు నువ్వు ఇక్కడే ఉంటావు. నేను పైకి వెళ్తాను."

"ఏంటి, కోపమా?"

"కోపమేం లేదు. ఎక్కాలని ఉంది."

అతను నన్ను చూశాడు, ఆడవాళ్ళందర్నీ చూశాడు, చలికోట్ల కుప్పని చూశాడు. మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం అరుస్తాడనుకున్నాను. అరవలేదు. సీసా మూత తిప్పుతూ, దారి తప్పిన పిల్లాడిలా అడిగాడు: "మరి అంతసేపూ నేనిక్కడ ఏం చెయ్యను?"

మిగతావాళ్ళు అప్పటికే రాళ్ళు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. నేను బ్యాగు పట్టీలు బిగించుకున్నాను.

"ముందు ఆ పెద్దబండ కింద కూర్చో, నీడ కాసేపే ఉంటుంది. తర్వాత ఎండ మోకాళ్ళ మీదికొస్తే ఇటువైపుకి జరుగు. బ్యాగుల మీద ఒక చెయ్యి వేసి ఉంచు, ఇక్కడి బొంతకాకులు జిప్పులు కూడా తీస్తాయి. ఫోన్ సిగ్నల్ అందదు. మేం వస్తున్నామేమోనని మాటిమాటికీ పైకి చూడకు, మెడ పట్టేస్తుంది. రాళ్ళు దొర్లిన చప్పుడైనా లేవకు, ముందు దిగేది ఎప్పుడూ వేరేవాళ్ళే."